తొమ్మిది వేల మందికి లింకు పంపే ముందు

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పూర్వ విద్యార్థుల వ్యవహారాలు చూసే బాధ్యత ఈ మధ్యే అదనంగా నా నెత్తిన పడింది. గత పదేళ్లలో మా దగ్గర చదువు పూర్తి చేసినవాళ్లు సుమారు 9,000 మంది. కిందటేడు ఈ పని చూసినాయన 64 ప్రశ్నల ఫారం తయారుచేసి, దొరికిన ఈమెయిళ్లన్నిటికీ పంపారు. 360 మంది జవాబిచ్చారు. అందులో 310 మంది సంతృప్తిగా ఉన్నామన్నారని నివేదికలో ‘86 శాతం సంతృప్తి’ అని రాశారు. ఈసారి కనీసం 1,000 జవాబులు రావాలని పైనుంచి ఒత్తిడి. విభాగాలన్నీ తలా నాలుగు ప్రశ్నలు చేర్చమని పంపుతున్నాయి. విరాళం సంగతి కూడా అదే ఫారంలో అడిగేయమంటున్నారు. నాలుగు నెలల గడువుంది, సాయానికి ఇద్దరు విద్యార్థులున్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

సమాధానం: ముందు ఆ వెయ్యి అన్న లెక్కను పక్కన పెట్టండి. మీ పనికి అసలు అడ్డం అదే. ఎందుకంటున్నానో మీ కిందటేటి అంకెలతోనే చూపిస్తాను, కాగితం దగ్గర పెట్టుకోండి.

జవాబిచ్చినవాళ్లు 360, ఇవ్వనివాళ్లు 8,640. ఇవ్వనివాళ్ల మనసులో ఏముందో మనకేమీ తెలియదు. వాళ్లంతా అసంతృప్తిగా ఉన్నారనుకుంటే 9,000 మందిలో సంతృప్తిపరులు 310 మందే, అంటే మూడున్నర శాతం కూడా కాదు. వాళ్లంతా సంతృప్తిగా ఉన్నారనుకుంటే లెక్క 99 శాతం దాటుతుంది. అసలు నిజం ఈ రెంటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటప్పుడు 86 అని రాసినా, 40 అని రాసినా కాదనడానికి మీ దగ్గర ఆధారం లేదు. సరే, ఈసారి వెయ్యి వచ్చాయనుకుందాం, వాళ్లలోనూ 86 శాతం సంతృప్తే అనుకుందాం. ఇప్పుడు అవధులు సుమారు 10 నుంచి 98 శాతం. మూడు రెట్లు జవాబులు తెచ్చినా మీకు కొత్తగా తెలిసింది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో దారి. 9,000 మందిలోంచి ఏ ఇష్టాయిష్టాలూ లేకుండా 600 మందిని ఎంచుకున్నారు. వాళ్ల వెంటపడి 360 మంది చేత జవాబు చెప్పించారు. అందులో 310 మంది సంతృప్తి అన్నారు. మిగిలిన 240 మందీ కాదన్నా 52 శాతం, అందరూ అవునన్నా 92 శాతం. అందరినీ అడగకుండా కొందరినే శాంపుల్‌గా, అంటే నమూనాగా తీసినందువల్ల వచ్చే తేడా సుమారు నాలుగు శాతం అటూ ఇటూ దీనికి అదనం. అయినా ‘కనీసం దాదాపు సగం మంది’ అనే మాట ధైర్యంగా అనొచ్చు. వచ్చిన జవాబులు అవే 360. ఎంతమందిలోంచి 360 అన్నదే తేడా.

పైగా జవాబివ్వనివాళ్లు ఊరికే మిగిలిపోయినవాళ్లు కారు. స్థిరపడినవాళ్లు, విశ్వవిద్యాలయం మీద అభిమానం ఉన్నవాళ్లు, పాత మాస్టార్లతో ఇంకా మాటలున్నవాళ్లు ముందు స్పందిస్తారు. బాగా మండిపోయి ఉన్నవాళ్లూ స్పందిస్తారు. చదువుకు సంబంధం లేని పనిలో కుదురుకున్నవాళ్లూ, ఇంకా ఉద్యోగం దొరకనివాళ్లూ ‘ప్రస్తుతం మీరేం చేస్తున్నారు?’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఫారం మూసేస్తారు. మీకు ఎవరి గురించి తెలియాలో వాళ్లే సరిగ్గా జారిపోతారు.

కాబట్టి నా సలహా: అందరికీ పంపకండి. 600 మందిని ఎంచుకోండి, వాళ్లను మాత్రం వదలకండి.

ఎంచుకోవడానికి పూర్వ విద్యార్థుల సంఘం సభ్యుల జాబితా వాడొద్దు. అందులో ఉన్నవాళ్లంతా అప్పటికే మీ మీద ప్రేమ ఉన్నవాళ్లు. ఈమెయిల్ ఉన్నవాళ్ల జాబితా కూడా వద్దు. పరీక్షల విభాగంలో డిగ్రీ పట్టాలు ఇచ్చిన రిజిస్టరు ఉంటుంది కదా, మీకు కావలసింది అదే. అందులో పేరు లేనివాడు పట్టభద్రుడు కాడు, పట్టభద్రుడైనవాడు అందులో లేకుండా ఉండడు. ఆ జాబితాను ఏడాది వారీగా, ఏడాదిలో మళ్లీ విభాగం వారీగా పేర్చండి. 1 నుంచి 15 లోపు ఒక అంకెను చీటీ తీయండి. అక్కణ్ణుంచి ప్రతి పదిహేనో పేరునూ రాసుకుంటూ పొండి, 600 పేర్లు వస్తాయి. ఏ ఏడాదీ ఏ విభాగమూ తప్పిపోవు. చీటీలో పడ్డ మనిషి దొరకలేదని, దొరికే ఇంకొకరిని ఆ స్థానంలో పెట్టకండి. మీ ఇద్దరు సహాయకులకు ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పండి. వాళ్లకు తెలిసిన సీనియర్లు చాలామందే ఉంటారు, సాయం చేద్దామనే ఉత్సాహమూ ఉంటుంది. ఆ ఉత్సాహంతోనే శాంపుల్ పాడవుతుంది.

జాబితా లోపం, జవాబుల లోపం రెండూ కలిస్తే ఏమవుతుందో 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక చూపించింది. అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి పైగా ఓటు కార్డులు పంపింది, ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాలు వాడటమే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. 1988లో పెవరిల్ స్క్వయర్ అనే పరిశోధకుడు పాత లెక్కలు తిరగేసి, జాబితా ఒక్కటే కాదు, తిరిగి పంపినవాళ్లు పంపనివాళ్లలాంటివాళ్లు కాకపోవడం కూడా అంతే దెబ్బతీసిందని చూపించాడు. కార్డులు అందినవాళ్లందరూ జవాబిచ్చి ఉంటే విజేత పేరైనా సరిగ్గా వచ్చేదట. ఇరవై లక్షల జవాబులు కాపాడలేని దాన్ని మీ వెయ్యి కాపాడదు. పైవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ కథ పనికొస్తుంది.

మొదటి నెలంతా చిరునామాల వేటకే కేటాయించండి. ఫారం జోలికి వెళ్లొద్దు. 600 మందికి ప్రస్తుత ఫోన్ నంబరు, ఈమెయిల్ వెతకడం ఇద్దరు విద్యార్థులు చేయగలిగిన పని. 9,000 మందికి అది ఎవరివల్లా కాదు, శాంపుల్ చిన్నదిగా పెట్టుకోవడం వల్ల వచ్చే అసలు లాభం అదే. తోటి బ్యాచ్ వాళ్లను, పాత ప్రాజెక్టు గైడ్లను అడిగితే చాలామంది దొరుకుతారు. అయితే ఫలానావారి నంబరు ఇవ్వమనకుండా ‘మా నంబరు వాళ్లకు ఇచ్చి, ఒకసారి మాతో మాట్లాడమని చెప్పండి’ అనండి. ఆ పద్ధతి మర్యాద. ప్రతి పేరు ఎదురుగా నాలుగు గళ్లు ఉంచుకోండి: అసలు దొరకలేదు, దొరికారు కానీ స్పందన లేదు, వద్దన్నారు, పూర్తిచేశారు. తిరిగొచ్చిన ఈమెయిల్‌నూ, చూసి ఊరుకున్న మనిషినీ ఒకే గంపలో వేస్తే తర్వాత మీ లెక్కకు అర్థం ఉండదు.

విభాగాధిపతులు తమ విభాగానికి విడిగా శాతాలు కావాలని తప్పకుండా అడుగుతారు. 9,000 మంది మొత్తానికి ఐదు శాతం అటూ ఇటూ తేడాతో చెప్పాలంటే సుమారు 370 జవాబులు చాలు. 900 మంది ఉన్న ఒక్క విభాగానికి అదే కచ్చితత్వం కావాలంటే సుమారు 270 కావాలి. పదో వంతు మందికి పదో వంతు జవాబులు సరిపోవు. అన్ని విభాగాలకూ విడివిడి అంకెలిచ్చే పని ఈ నాలుగు నెలల్లో కాదని ముందే తేల్చి చెప్పండి. నిజంగా ఒకటి రెండు విభాగాల మీద నిర్ణయం తీసుకోవలసి ఉంటే, అక్కణ్ణుంచి ఎక్కువమందిని తీసుకుని, మొత్తం లెక్కలో వాళ్ల బరువు తగ్గించండి, అంటే వాళ్ల ఒక్కో జవాబునూ తక్కువగా లెక్కించి, వాళ్ల వాటా అసలు సంఖ్యకు తగ్గట్టు ఉండేలా చూడండి.

ఇక 64 ప్రశ్నలు. వీటిని ఎలా తగ్గించాలో అడిగారు కాదు గానీ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ అంకె చూసే. ప్రశ్న పంపిన ప్రతి విభాగానికీ ఒక చిన్న కాగితం తిప్పి పంపండి. ‘దీనికి 30 శాతం అవునంటే మీరేం చేస్తారు? 70 శాతం అవునంటే ఏం చేస్తారు?’ రెండింటికీ ఒకటే జవాబు వస్తే, లేదా జవాబే రాకపోతే, ఆ ప్రశ్న తీసేయండి. సగానికి సగం అక్కడే పోతాయి. ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు, తమ ప్రశ్నను వాళ్లే వెనక్కి తీసుకుంటారు. తర్వాత మీ రికార్డుల్లో ఉన్నవన్నీ కొట్టేయండి. చదివిన ఏడాది, విభాగం, వచ్చిన మార్కులు మీ దగ్గరే ఉన్నప్పుడు ఆ మనిషిని మళ్లీ అడగడం అవమానంలాంటిది. అన్నేళ్లు చదువుకున్న చోటు నేనెవరో మర్చిపోయిందా అనుకుంటారు. మిగిలినవి ఫోన్‌లో ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి. ఇరవై ప్రశ్నలు దాటితే అది కుదరదు.

ప్రశ్నల రాత గురించి ఒకటి తీసుకుని చూద్దాం. ఇలాంటి ఫారాల్లో తప్పకుండా కనిపించేది: ‘విశ్వవిద్యాలయం అందించిన నాణ్యమైన బోధన, ఆధునిక సదుపాయాల పట్ల మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు? అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు.’ బోధన బాగుండి ల్యాబ్ బాగోకపోతే ఏం టిక్ పెట్టాలి? ‘నాణ్యమైన’, ‘ఆధునిక’ అని మీరే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాక ఇక అడగడం ఎందుకు? ఐదు గళ్లలో నాలుగు మీవైపే మొగ్గి ఉన్నాయి, తిట్టదలచుకున్నవాడికి ఒకటే గడి. కళ్లు మూసుకుని టిక్ పెట్టినా 80 శాతం మెచ్చుకోలు వస్తుంది. మీ 86 శాతంలో దీని వాటా ఎంతో పాత ఫారం తీసి చూడండి.

దీన్ని ఎలా మార్చాలి? ముందు మీకు ఏం తెలియాలో అనుకోండి. ప్రాజెక్టు మార్గదర్శకత్వం మార్చాలా వద్దా అన్నదే మీ ముందున్న నిర్ణయం అనుకుందాం. అప్పుడు ప్రశ్న: ‘చివరి సెమిస్టరులో మీ ప్రాజెక్టు గైడు మీతో విడిగా కూర్చుని ఎంత తరచుగా మాట్లాడేవారు?’ జవాబులు: వారానికోసారి లేదా ఎక్కువ, నెలకు రెండు మూడు సార్లు, నెలకోసారి లేదా తక్కువ, ఎప్పుడూ లేదు, గుర్తులేదు. ఇందులో అభిప్రాయం లేదు, జరిగిన సంగతి ఉంది. ‘గుర్తులేదు’ అన్న గడి లేకపోతే గుర్తులేనివాళ్లు కూడా ఏదో ఒకటి కొట్టేస్తారు, అది మీకు తెలియను కూడా తెలియదు.

గుర్తు అన్నాను కాబట్టి ఇంకో మాట. పదేళ్ల కిందటి పట్టభద్రుణ్ణీ, కిందటేడు బయటికెళ్లినవాణ్ణీ ఒకే ప్రశ్నలు అడక్కండి. మొదటి రెండేళ్లవాళ్లకు తరగతి గదిలో ఏం జరిగిందో ఇంకా గుర్తుంటుంది, బోధన గురించి వాళ్లను అడగండి. పదేళ్లవాళ్లకు పాఠాలు గుర్తుండవు, కానీ చదివిన దాంట్లో ఏది ఇన్నాళ్లు నిలబడిందో, ఏది మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్పగలరు. అది కుర్రాళ్లు చెప్పలేరు. ఉద్యోగం సంగతి అడిగే సమయం కూడా ఆలోచించవలసిందే. బ్రిటన్‌లో చాలాకాలం చదువు అయిన ఆరు నెలలకు పట్టభద్రుల స్థితిగతులు అడిగేవారు. 2017-18లో చదువు ముగించినవాళ్ల నుంచి దాన్ని సుమారు 15 నెలలకు మార్చారు. ఆరు నెలలకు చాలామంది ఇంకా ఏదో ఒక తాత్కాలిక పనిలోనే ఉంటారు కాబట్టి, పదిహేను నెలల గడువు నాకు సబబుగా తోస్తుంది. మీ శాంపుల్‌లో నిన్నమొన్న బయటికి వెళ్లినవాళ్లుంటే, వాళ్ల ఉద్యోగ వివరాలు మిగతావాళ్లతో కలపకుండా విడిగా చూపండి.

ఈసారి ప్రశ్నలు మారుస్తున్నారు కాబట్టి, ‘కిందటేడు 86, ఈ ఏడు ఇంత’ అని పక్కపక్కన పెట్టే పని చేయొద్దు. మాట మారితే లెక్క మారుతుంది. 1940ల మొదట్లో అమెరికాలో డోనల్డ్ రగ్ అనే పరిశోధకుడు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను అనుమతించాలా అని అడిగితే 62 శాతం వద్దన్నారు. అవే ఉపన్యాసాలను నిషేధించాలా అని మరో బృందాన్ని అడిగితే 46 శాతమే అవునన్నారు. చూడబోతే రెండూ ఒకటే ప్రశ్న. పాత అంకె మీకు ఎలాగూ పనికిరాదు. ఈ ఏడాది నుంచి కొత్తగా మొదలవుతుందనుకోండి, ఇక ముందు మాత్రం ముఖ్యమైన ఐదారు ప్రశ్నల్లో అక్షరం కూడా మార్చకండి.

జీతం అడగాలంటే చివర్లో అడగండి, మొత్తం కాకుండా శ్రేణులుగా ఇవ్వండి, చెప్పకపోయినా ముందుకు వెళ్లే వీలుంచండి.

ఫారం తయారయ్యాక శాంపుల్‌లో లేని ఐదారుగురు పట్టభద్రులను పిలిచి, ఒక్కొక్కరి పక్కన కూర్చోండి. వాళ్ల ఫోన్‌లోనే నింపమనండి, నింపుతూ మనసులో అనుకునేది పైకి అనమనండి. మీరు నోరు మెదపకూడదు. ఎక్కడ వేలు ఆగుతుందో, ఎక్కడ కిందికీ పైకీ జరుపుతున్నారో, ఎక్కడ ‘అంటే ఏంటి?’ అంటున్నారో రాసుకోండి. అడ్డంగా ఐదు గళ్లు, నిలువుగా పది వరుసలు ఉండే పట్టిక కంప్యూటర్ తెర మీద ముచ్చటగానే ఉంటుంది. ఫోన్‌లో చివరి గడి తెర బయటికి పోతుంది, దాన్ని ఎవరూ టిక్ పెట్టరు. ఒక్క మధ్యాహ్నం ఇలా కూర్చుంటే, కమిటీ మూడుసార్లు సమావేశమైనా బయటపడని తప్పులు బయటపడతాయి.

పంపేటప్పుడు ‘పూర్వ విద్యార్థుల విభాగం’ పేరుతో కాకుండా, ఆ బ్యాచ్‌కి పాఠం చెప్పిన ఒకరి పేరుతో పంపించండి. ఆ మాస్టారి అనుమతి తీసుకునే సుమా. ‘ప్రియమైన పూర్వ విద్యార్థీ’ అని కాకుండా పేరు పెట్టి పిలవండి. ఎంతమందిలోంచి ఎంతమందిని ఎంచుకున్నారో, తనకు బదులు ఇంకొకరిని ఎందుకు అడగలేరో రెండు వాక్యాల్లో చెప్పండి. అందరికీ పంపే లింకులో మీరు ఎప్పటికీ రాయలేని వాక్యాలవి. వారం తర్వాత జవాబివ్వనివాళ్లకు మాత్రమే గుర్తుచేయండి. ఇచ్చేసినవాళ్లకు మళ్లీ అదే ఉత్తరం వెళ్తే రెండోసారి మీ మాట వినరు. రెండో రిమైండర్ వేరే వారం, వేరే వేళ, వేరే మాటలతో ఉండాలి. ఆ తర్వాత ఫోన్. ఫోన్‌లోనే జవాబులు చెప్తామంటే అక్కడే నింపేయండి. మూడు నాలుగుసార్లు మించి వెంటపడితే మాత్రం అది వేధింపు. వద్దన్నవాళ్లను ఆ క్షణమే వదిలేయాలి.

బహుమతుల లాటరీ పెడదామని ఎవరో ఒకరు అంటారు, పెద్దగా పనిచేయదు. జవాబిస్తే ఇస్తామని ఆశ పెట్టడం కంటే, ముందే చిన్నదేదైనా చేతిలో పెట్టి అడగడమే బాగా పనిచేస్తుందని సర్వేల మీద జరిగిన పరిశోధనలు చాలాసార్లు తేల్చాయి. 600 మందే కాబట్టి లైబ్రరీ ప్రవేశం లాంటిదేదైనా అందరికీ ముందే ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే ఏమీ వద్దు.

పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చేటప్పుడు జాగ్రత్త. ఎవరు జవాబిచ్చారో తెలియకపోతే రిమైండర్ ఎలా పంపుతారు? కాబట్టి ‘మీరెవరో మాకు తెలియదు’ అని రాస్తే అబద్ధమవుతుంది. ‘ఎవరు జవాబిచ్చారో మా ఇద్దరు ముగ్గురికి తెలుస్తుంది, మీ జవాబులు పేరుతో ఎవరికీ చూపించం, పని అయ్యాక పేర్లు తీసేస్తాం’ అని రాయండి, అలాగే చేయండి. ఐదారుగురే ఉన్న చిన్న బృందాల ఫలితాలు విడిగా వేయకండి. పేరు లేకపోయినా మనిషి ఎవరో తెలిసిపోతుంది.

విరాళం సంగతి: వద్దు. ఫారంలో వద్దు, చివరి పేజీలో వద్దు, కృతజ్ఞతల ఉత్తరంలోనూ వద్దు. అభిప్రాయం అడుగుతున్నట్టు పిలిచి చేయి చాపితే వచ్చే ఏడాది మీ ఈమెయిల్ ఎవరూ తెరవరు, తెరిచినవాళ్లు కూడా మొహమాటంతో మంచిమాటలే రాస్తారు. విరాళాలు అడగడం తప్పేమీ కాదు, వేరే ఉత్తరంలో, వేరే సమయంలో అడగమనండి. దీనిమీద మాత్రం పైవాళ్లతో గట్టిగానే నిలబడండి.

జవాబులు వచ్చాక రెండు పనులు చేయండి. జవాబిచ్చినవాళ్లనూ మొత్తం 600 మందినీ రికార్డుల్లో ఉన్న వివరాలతో, అంటే ఏడాది, విభాగం, స్త్రీ పురుషుల నిష్పత్తి, మార్కులతో పోల్చండి. తక్కువ మార్కులవాళ్లు బాగా తక్కువగా జవాబిచ్చి ఉంటే వాళ్ల జవాబులకు బరువు పెంచి మళ్లీ లెక్కించండి. రెండోది, మొదటి ఉత్తరానికే జవాబిచ్చినవాళ్లనూ, ఫోన్ చేశాక గానీ ఇవ్వనివాళ్లనూ విడదీసి చూడండి. మొదటివాళ్లలో 90 శాతం, ఆఖరివాళ్లలో 65 శాతం సంతృప్తి అని వస్తే, అసలే దొరకనివాళ్లు ఎటువైపు ఉంటారో కొంత ఊహ అందుతుంది. అది రుజువు కాదు, సూచన మాత్రమే.

నాలుగు నెలలు చాలు. మొదటి నెల జాబితా, చిరునామాలు. రెండో నెల ప్రశ్నలు, పక్కన కూర్చుని పరీక్షించడం. మూడో నెల పంపడం, రిమైండర్లు, ఫోన్లు. నాలుగో నెల లెక్కలు. పరీక్షల రోజులూ పండగ సెలవులూ మూడో నెలలో పడకుండా ఇప్పుడే క్యాలెండర్ చూసుకోండి.

నివేదిక మొదటి పేజీలోనే ఎంతమందిని ఎంచుకున్నారో, ఎంతమంది దొరకలేదో, ఎంతమంది వద్దన్నారో, ఎంతమంది పూర్తిచేశారో ఒక వరుసలో రాయండి. కిందటేటి 9,000, 360 కూడా దాని కిందే వేయండి. వెయ్యి జవాబులు ఏవని ఎవరైనా అడిగితే ఆ రెండు వరుసలూ చూపించండి.